తగ్గినంత మాత్రాన కారణం దొరికినట్టా?

రిపేరు చేయించి తెచ్చిన సిస్టం మునుపటికన్నా నెమ్మదిగా నడిస్తే ఇంట్లో తీర్పు క్షణాల్లో వచ్చేస్తుంది: మంచి ర్యామ్ తీసేసి నాసిరకం వేశాడు. షాపులో తీర్పుకూ ఆలస్యం ఉండదు: పాతదైపోయిందండీ, ఫార్మాట్ కొడదాం, లేదా ఎస్ఎస్‌డీ వేయించుకోండి. ఈ వారం ఈ రెండు మాటలూ మళ్లీ చెవిన పడ్డాయి, రెండూ చికాకు కలిగించాయి. కాకి వాలింది, తాటిపండు రాలింది, కాబట్టి కాకే రాల్చిందనే తర్కం రెండింటిలోనూ ఉంది. ముందుగా మెకానిక్ పక్షాన చెప్పాల్సింది చాలా ఉంది. తెనాలిలో బాగుచేసిన సీపీయూ రేపల్లె చేరాలంటే 30 కిలోమీటర్లకు పైగా కుదుపులు తినాలి. దారిలో వదులైన కేబుల్ నేరం షాపు మీద పడుతుంది. విండోస్ కొత్తగా ఎక్కించి ఉంటే అప్‌డేట్లు దిగి, ఫైళ్ల ఇండెక్సింగ్ పూర్తయ్యేదాకా డిస్క్‌కి తెరిపి ఉండదు. అది జబ్బు కాదు, ఒకటి రెండు రోజులు ఓపిక పడితే చాలు. హార్డ్ డిస్క్ ఆయుష్షు తీరి, రిపేరుతో నిమిత్తం లేకుండానే అదే వారం మొరాయించి ఉండవచ్చు కూడా.

అయినా ఇంటివాళ్ల అనుమానాన్ని కొట్టిపారేయకూడదు. రిపేరు జరిగిందంటే చెయ్యి ఎక్కడ పడిందో తెలుసు, వెతకాల్సిన చోట్లు నాలుగైదుకు తగ్గినట్టే. మదర్‌బోర్డు మీది సెల్ మారిస్తే బయోస్ సెట్టింగులు మొదటికి వస్తాయి. ర్యామ్ వేగం పెంచే ఎక్స్ఎంపీ సెట్టింగు పెట్టుకుని 3200 వేగంతో నడిచిన ర్యామ్ 2133కో 2400కో పడిపోవచ్చు. ఆ తేడా కంటికి పెద్దగా ఆనదు. ఆనేది ఇంకోటుంది: రెండు ర్యామ్ స్టిక్కుల్లో ఒకటి సరిగా కూర్చోక 8 జీబీ కాస్తా 4 అవడం. ర్యామ్‌లో పట్టని సమాచారాన్ని విండోస్ డిస్క్ మీదికి నెడుతుంది. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ చెల్లాచెదురుగా ఉన్న సమాచారాన్ని సెకనుకు సుమారు వంద చోట్ల నుంచే చదవగలదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం కనిపిస్తుంది, డిస్క్ పోయిందనుకుంటాం, అసలు దోషి ర్యామ్ తప్పించుకుంటుంది. ఎప్పుడు నెమ్మదిస్తోందన్నది ఇంకో సాక్ష్యం. మొదట చక్కగా నడిచి, కాసేపటికి చతికిలబడితే ప్రాసెసర్ మీది ఫ్యానూ పేస్టూ చూడాలి, వేడెక్కిన ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. డిస్క్ కూడా తన లెక్కలు స్మార్ట్ పట్టికలో రాసిపెట్టుకుంటుంది. అందులో 199 నంబరు వరుస పెరుగుతూ పోతే కేబుల్‌ని అనుమానించాలి, 5, 197 పెరుగుతుంటే డిస్క్‌నే. కేబుల్ మార్చినా 199 సున్నాకి రాదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే ముఖ్యం.

ఇక్కడిదాకా ఒప్పుకునేవాళ్లు కూడా ఒకచోట జారిపోతారు. కొత్త ర్యామ్ వేశారు, సిస్టం పరుగెత్తింది, కాబట్టి పాత ర్యామ్ పాడైందని తేల్చేస్తారు. మన తీరంలో ఈ తీర్మానం ప్రత్యేకంగా ప్రమాదకరం. సూర్యలంక నుంచి బాపట్ల దాకా వీచే గాలిలో ఉప్పూ తేమా రెండూ ఉన్నాయి, నిజాంపట్నం, రేపల్లె వైపూ అంతే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుపానులొచ్చినప్పుడు ఇళ్లలోకే తడి చేరుతుంది. ఉప్పు తేమ లోహాన్ని తింటుంది, స్లాట్లలోని సన్నని పిన్నుల మీద మురికి పేరుతుంది, కాంటాక్ట్ అందీ అందక ఆడుతుంది. అలాంటి స్లాట్లోంచి పాత స్టిక్ తీసి కొత్తది గుచ్చినప్పుడు జరిగినవి రెండు: స్టిక్ మారింది, పిన్నులు రాపిడికి శుభ్రపడ్డాయి. ఏది గుణం చూపించిందో ఎలా తెలుస్తుంది? పాత స్టిక్‌ని రబ్బరుతో తుడిచి, అదే స్లాట్‌లో తిరిగి పెడితేనే తెలుస్తుంది. అప్పుడూ బాగానే నడిస్తే కొత్త ర్యామ్‌కి పెట్టిన డబ్బు వృథా. పైగా ఆ స్లాట్ వచ్చే వానాకాలానికి మళ్లీ మొరాయించవచ్చు. రిపేరు తర్వాత చెడింది కాబట్టి రిపేరే చెడగొట్టిందనే గృహస్థూ, పార్టు మార్చాక తగ్గింది కాబట్టి పార్టే పోయిందనే మెకానిక్కూ చేస్తున్నది ఒకటే తప్పు. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు: ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చినదాన్ని వెనక్కి పెట్టి కూడా చూడాలి.

గిరాకీ లైన్లో ఉంటే ఇంత పరీక్ష ఎవరు చేస్తారని షాపువాళ్లు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ స్టిక్ వెనక్కి పెట్టి చూడడం నిమిషాల పని, ఫార్మాట్ కొట్టి డ్రైవర్లు ఎక్కించడం పూటంతా తినే పని. పైగా ఫార్మాట్ సాక్ష్యాన్ని చెరిపేస్తుంది, బ్యాకప్ లేకపోతే పిల్లల ఫొటోలనూ చెరిపేస్తుంది. ఎస్ఎస్‌డీతో ఎలాగూ వేగం వస్తుందిగా అంటారు, వస్తుంది. వదులైన ర్యామ్‌నీ ఎండిన పేస్టునీ అది కొన్నాళ్లు మరుగుపరుస్తుంది, అంతే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగింది గనుక కొత్త సిస్టం కొనడమే మేలన్న వాదనలో బలముంది. అయితే అది భద్రత కోసం తీసుకునే నిర్ణయం. నెమ్మదికి కారణం కనుక్కోలేక కొనడం వేరు.

మొదట మెకానిక్‌కి వకాల్తా పుచ్చుకున్నట్టు కనిపించిన ఈ వాదన చివరికి ఆయన్నే ఒకటి అడుగుతోంది, ఒక చీటీ. ఏం విప్పారు, ఏం మార్చారు, ఏ కంపెనీ పార్టు, దాని సీరియల్ నంబరెంత, ఇచ్చేటప్పుడు ర్యామ్ ఎంత చూపించింది. బిల్లు ఇవ్వకపోవడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది, ఈ వివరాలు ఆ బిల్లు వెనకే రాయవచ్చు. ఇంటివాళ్ల బాధ్యతా ఉంది. షాపుకి పంపేముందే ర్యామ్ ఎంతో, సిస్టం ఆన్ కావడానికి ఎంతసేపు పడుతోందో రాసిపెట్టుకోవాలి. ముందటి లెక్క లేనివాళ్లు తర్వాత నెమ్మదించిందని నిరూపించలేరు. ఆ రెండు కాగితాలూ ఉంటే అనుమానం నిందగా మారదు, మంచి పనివాడి పేరు చెడదు, నాసిరకం పార్టు పెట్టినవాడు తప్పించుకోనూలేడు.