దూరం తెలిసినోడికే డీజిల్

మా బామ్మర్దికి సిద్దిపేటకు బదిలీ అయింది. ఇల్లు మాత్రం చొప్పదండి దాటి కదిలేది లేదు. తల్లిదండ్రులు పెద్దవాళ్లయ్యారు, పొలం ఉంది, పిల్లల చదువు ఇక్కడే కుదురుకుంది. "బావా, డీజిల్ కారు తీసుకుందామనుకుంటున్న, ఏ కంపెనీది మంచిగుంటది?" అని అడిగాడు. కంపెనీ సంగతి పక్కన పెట్టి మూడు మాటలు అడిగాను: రోజూ ఎంత దూరం, ఏ రోడ్డు మీద, కారులో ఎంతమంది. కారు కొనే పనిలో సగం ఈ మూడింటికి జవాబు చెప్పుకోవడంతోనే అయిపోతుంది. మిగతా సగం గురించే ఈ వారం రాయాలనిపించింది. మన దిక్కున ఇట్లా పొద్దున్నే బయల్దేరి రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగులు చాలామంది ఉన్నారు. పది, పదిహేను లక్షలు పెట్టే నిర్ణయాన్ని పక్కింటి కారు చూసి తీసుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

చొప్పదండి నుంచి కరీంనగర్ ఇరవై కిలోమీటర్ల లోపే. అక్కడినుంచి మానేరు దాటి, తిమ్మాపూర్, రేణికుంట టోల్‌గేటు, గుండ్లపల్లి, శనిగరం మీదుగా సిద్దిపేట. పోను ఎనభై పైచిలుకు, రాను అంతే. మొదటి ఇరవై కిలోమీటర్లు ఒక రకం రోడ్డు: గంగాధర వైపు గ్రానైట్ లారీలు, ట్రాక్టర్లు, కోతల కాలంలో అంచున ఆరబోసిన వడ్లు. కరీంనగర్ దాటాక రాజీవ్ రహదారి. నాలుగు వరుసలే కానీ ఎక్స్‌ప్రెస్ వే కాదు. ఊరూరికీ ఒక క్రాసింగ్, ఎదురు దారిలో వచ్చే బైకులు, సాయంత్రం మళ్లే బర్రెలు. ఇంకో మాట. 2025 ఆగస్టు 15న మూడు వేల రూపాయలకు మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాసు జాతీయ రహదారులకే పనికొస్తుంది. రాజీవ్ రహదారి రాష్ట్ర రహదారి కాబట్టి రేణికుంట దగ్గర ఆ పాసు నడవదు. నెల ఖర్చు లెక్కలో టోల్ విడిగా రాసుకోవాల్సిందే.

ఇప్పుడు లెక్క. పనిదినాలన్నీ కలుపుకుంటే ఏడాదికి నలభై వేల కిలోమీటర్లు దాటుతాయి. 2024 మార్చిలో లీటరుకు రెండు రూపాయలు తగ్గాక మన రాష్ట్రంలో పెట్రోలు 107 చిల్లర, డీజిల్ 96కు అటూ ఇటూ అయ్యాయి. పెట్రోలు మీద 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం వ్యాట్ ఉండటం వల్ల ఇక్కడ ఆ తేడా నిలబడింది. హైవే మీద ఒద్దికగా నడిపితే చిన్న డీజిల్ ఎస్‌యూవీ లీటరుకు పద్దెనిమిది ఇస్తుంది, అదే సైజు పెట్రోలు టర్బో పద్నాలుగు. ఆ ధరల్లో నలభై వేల కిలోమీటర్లకు డీజిల్ ఖర్చు 2 లక్షల 13 వేలు, పెట్రోలు ఖర్చు 3 లక్షల 6 వేలు. ఏడాదికి తొంభై వేల పైన మిగులు. షోరూంలో డీజిల్ బండికి అదనంగా కట్టే లక్ష, లక్షన్నర రెండేళ్లు తిరగకముందే వచ్చేస్తుంది.

ఇదే లెక్క మా వీధి కిరాణం సేటుకు వేసి చూడండి. దుకాణం, మార్కెట్ యార్డు, వారానికోసారి కరీంనగర్. ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు. అప్పుడు డీజిల్ మిగిల్చేది పద్నాలుగు వేలు కూడా కాదు. కట్టిన అదనపు డబ్బు తిరిగి రావడానికి ఎనిమిదేళ్లు, పదేళ్లు పడుతుంది. డీజిల్ సర్వీసింగ్ ఖర్చు కాస్త ఎక్కువే కాబట్టి ఆ పదేళ్లు కూడా నమ్మకం లేదు. ఒకే ఊరు, ఒకే వీధి, ఒకే బంకు. ఒకరికి లాభం, ఒకరికి నష్టం.

అయినా "డీజిల్ అంటే చవక" అన్న మాట మన దగ్గర ఎందుకింత గట్టిగా పాతుకుపోయిందో నాకు తెలుసు. 2012లో పెట్రోలుకూ డీజిల్‌కూ లీటరుకు ముప్పై రూపాయల తేడా ఉండేది. డీజిల్ ధరను ప్రభుత్వం పట్టి ఉంచింది. ఆ రోజుల్లో దేశంలో అమ్ముడయ్యే కార్లలో సగానికి పైగా డీజిల్‌వే. అంతకుముందు సుమోలు, 2000లో వచ్చిన క్వాలిస్‌లు, 2005 తర్వాత ఇన్నోవాలు. దుబాయి, మస్కట్ పోయేవాళ్లను దింపడానికి ఇంటిల్లిపాదీ ఎక్కి హైదరాబాద్ పోయిన బండ్లన్నీ డీజిల్‌వే. అవి ఎన్ని లక్షల కిలోమీటర్లు తిరిగాయో చూసినవాళ్లకు ఆ ఇంజన్ మీద గౌరవం పోదు. నాకూ పోలేదు. కానీ 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేశారు. 2020 జూన్‌లో ఢిల్లీలో ఏకంగా పెట్రోలును దాటింది. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నియమాలు వచ్చినప్పుడు మారుతి డీజిల్ కార్లే మానేసింది. చవక అనే కారణం సగం కరిగిపోయింది. దూరం అనే కారణం ఒక్కటే చెక్కుచెదరకుండా మిగిలింది.

ఆ దూరానికీ డీజిల్‌కూ పొత్తు ఇంజన్ లోపలే ఉంది. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపించిన ఇంజన్‌లో ఇంధనాన్ని నిప్పురవ్వ అంటించదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకుంటుంది. ఇప్పటి కార్లలో ఆ నొక్కుడు పదహారు వంతుల దగ్గర ఉంటుంది, పెట్రోలులో పది పదకొండే. నొక్కుడు పెరిగినకొద్దీ అదే చుక్క నుంచి ఎక్కువ పని వస్తుంది. దానికి టర్బో తోడైతే 1500 ఆర్‌పీఎం దగ్గరే పూర్తి బలం చేతికొస్తుంది. నెక్సాన్ డీజిల్‌కు 260 న్యూటన్ మీటర్లు, వెన్యూకు 250, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓకు 300. ఈ అంకెలు కాగితం మీద చూస్తే అర్థం కావు. గుండ్లపల్లి దగ్గర గ్రానైట్ దిమ్మెలు మోసుకుపోతున్న లారీ వెనక డెబ్బైలో పోతూ, గేరు మార్చకుండా కాలు నొక్కితే బండి నిదానంగా, గట్టిగా ముందుకు సాగుతుంది. ఓవర్‌టేక్ తొందరగా అయిపోవడమంటే పక్క వరుసలో ఉండే ప్రమాదపు క్షణాలు తగ్గడమే. రోజూ రెండు పూటలా ఆ రోడ్డెక్కే మనిషికి మైలేజీ కంటే ఇది పెద్ద విషయం అంటాను. ఆరో గేరులో తొంభై దగ్గర ఇంజన్ రెండు వేల ఆర్‌పీఎం కూడా తిరగదు. ఆ నింపాదితనం ఇల్లు చేరాక ఒంటికి తెలుస్తుంది.

ఇక ఫిల్టర్ సంగతి. షోరూంలో ఎవరూ విడమరిచి చెప్పని విషయం ఇదే. బీఎస్-6 డీజిల్ కారు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. మసి నిండితే దాన్ని అక్కడే కాల్చేయాలి. అందుకు పొగ వేడి ఐదారు వందల డిగ్రీలకు చేరాలి. బండి ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా అరవై పైన పోతే గానీ ఆ వేడి రాదు. రాజీవ్ రహదారి మీద పోయేవాడికి ఈ పని తెలియకుండానే జరిగిపోతుంది. దుకాణం నుంచి మార్కెట్ యార్డు దాకా రెండు కిలోమీటర్లు తిరిగేవాడి బండిలో మసి పేరుకుంటూ పోతుంది. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, పట్టించుకోకపోతే బండి బలం తగ్గించుకుని మొరాయిస్తుంది. మా సేటు బండికి అదే జరిగింది. కాల్చే పని మొదలై మధ్యలో ఆగిపోయిన ప్రతిసారీ కాస్త డీజిల్ ఇంజన్ ఆయిల్‌లోకి దిగుతుంది. అందుకే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ మట్టం తగ్గాల్సింది పోయి పెరిగి కనబడుతుంది. "ఆయిల్ పెరిగింది, మంచిదే కదా" అన్నాడాయన. ఇంజన్‌కు అంత చెడ్డ సంగతి ఇంకోటి లేదని ఓపిగ్గా చెప్పాల్సి వచ్చింది.

ఆ తర్వాత యూరియా. ఔను, యూరియానే. చాలా డీజిల్ కార్లలో పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొట్టడానికి ఒక నీళ్లమందు చల్లుతారు. బంకుల్లో డెఫ్ అనో యాడ్‌బ్లూ అనో అమ్ముతారు. అందులో 32.5 శాతం శుద్ధమైన యూరియా, మిగతాది ఖనిజాలు తీసేసిన నీళ్లు. మనకు రామగుండం పక్కనే ఉంది. 1999లో మూతపడిన పాత ఎరువుల కర్మాగారం చోట 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్ ఉత్పత్తి మొదలుపెట్టింది, ఏడాదికి 12.7 లక్షల టన్నుల సామర్థ్యం. ఇంట్లో బస్తా ఉంది కదా, నీళ్లలో కలిపి పోస్తే పోలా అన్న ఆలోచన రైతు కుటుంబాల్లో రావడం సహజం. దయచేసి ఆ పని చేయకండి. 2015 నుంచి మన దగ్గర పొలానికి వేసే యూరియా అంతా వేపనూనె పట్టించిందే. ఆ నూనె, మిగతా మలినాలు కలిసి లక్షల విలువ చేసే ఆ వ్యవస్థను మూసేస్తాయి. డెఫ్ ఒకసారి నింపితే వేల కిలోమీటర్లు వస్తుంది, ఆదా చేసేంత ఖర్చు అందులో లేదు. గాసునూనె కలిపిన డీజిల్ సంగతీ అంతే. పాత ఇండికా ఎట్లాగో తట్టుకుంది. ఇప్పటి కామన్ రైల్ పంపుకు డీజిల్‌లో ఉండే జిడ్డే కందెన. ఆ జిడ్డు తగ్గితే పంపు అరిగి, ఆ రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది.

సెకండ్ హ్యాండ్ గురించి రెండు మాటలు. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ అన్నది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. అప్పటినుంచి ఆ బండ్లు తక్కువ ధరకు మన దాకా వస్తున్నాయి. ధర చూసి మురిసిపోయే ముందు ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్, నంబరు మార్పిడి ఖర్చు కలుపుకోవాలి. బండి చూడటానికి పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే పోవాలి. అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి వేడిగా ఉంచితే అనుమానించండి.

ఇంతకీ బామ్మర్దికి ఏం చెప్పాను? నాలుగు మీటర్ల లోపు పొడవు, 1500 సీసీ లోపు ఇంజన్ చూడమన్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి అలాంటి డీజిల్ కార్లకు జీఎస్టీ 18 శాతం, అంతకు ముందు సెస్సుతో కలిపి 31 ఉండేది. పైసైజు వాటికి 40. నెక్సాన్, వెన్యూ, సోనెట్, 3ఎక్స్‌ఓ ఈ గీత లోపలే వస్తాయి. మా మామకు మోకాళ్ల నొప్పి. సీటు మరీ కిందికి ఉంటే దిగడం కష్టం, మరీ ఎత్తు ఉంటే ఎక్కడం కష్టం. కాబట్టి ఆయన తుంటి ఎత్తుకు సరిపోయే సీటున్న బండే మాకు బండి. పొలం గట్ల దాకా పోయేదుంటే బొలెరో అనేవాణ్ణి. రోజూ నూటయాభై పైన హైవే అంటే కాదు. ఆరుగురు, ఏడుగురు తప్పనిసరి అయితే కారెన్స్ డీజిల్.

కరెంటు కారు మాట దాటేస్తే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. రోజుకు నూట అరవై ఐదు కిలోమీటర్లకు ఇరవై ఐదు, ఇరవై ఆరు యూనిట్లు చాలు. యూనిట్‌కు తొమ్మిది రూపాయలు వేసుకున్నా రెండు వందల యాభై దాటదు. డీజిల్‌కు దాదాపు తొమ్మిది వందలు. పైగా 2024 నవంబరు నుంచి 2026 డిసెంబరు 31 దాకా రాష్ట్రంలో కరెంటు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు లేవు. పొగ లేదు, అది మన పిల్లల ఊపిరికి సంబంధించిన విషయం. కానీ బ్యాటరీకి మామూలుగా ఇచ్చే వారంటీ ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లు. మా బామ్మర్ది లెక్కన అది నాలుగేళ్లలో అయిపోతుంది. కొన్ని కంపెనీలు మొదటి యజమానికి జీవితకాల వారంటీ ఇస్తున్నాయి, అది కాగితం మీద షరతులతో సహా చదివి తీసుకోవాలి. ఇంట్లో ఇంకో బండి ఉన్నవాడికి, సొంత వాకిట్లో చార్జరు పెట్టుకోగలిగినవాడికి నేను కరెంటు కారే చెబుతాను. వాళ్లింట్లో ఒక్కటే కారు. మేడారం, తిరుపతి, అర్ధరాత్రి ఆసుపత్రి, అన్నిటికీ అదే దిక్కు. అందుకే ఈసారికి డీజిల్ అన్నాను.

టెస్ట్ డ్రైవ్ మాత్రం షోరూం చుట్టూ ఒక రౌండు కొట్టి ఒప్పుకోవద్దని గట్టిగా చెప్పాను. బండిని చొప్పదండి రమ్మనాలి. వెనక సీట్లో అత్తను, మామను కూర్చోబెట్టి బెల్టు పెట్టించాలి. ఏసీ వేసి, రేణికుంట టోల్‌గేటు దాకా పోయి, చీకటి పడ్డాక తిరిగి రావాలి. ఎదురు బండ్ల వెలుగులో రోడ్డు అంచు కనబడుతుందా, తొంభైలో వెనకవాళ్లతో గొంతు పెంచకుండా మాట్లాడగలుగుతున్నామా, మామ తనంతట తానే దిగగలుగుతున్నాడా చూసుకోవాలి. అంత దూరం పంపం అంటే ఇంకో షోరూంకు పోవాలి. కరీంనగర్‌లో షోరూంలకు కొదవ లేదు.