లేయా గోల్డుబెర్గు బాలకావ్యము

శాస్త్రపాండిత్యము గలవారు శిశువులకొఱకు వ్రాసినచో నది కాలక్షేపమే యని తలఁచుట పండితులలోఁ గలదు. హీబ్రూ కవయిత్రి లేయా గోల్డుబెర్గు రచనలు ఈ తలంపును నిలువనీయవు.

ఆమె 1911లో కోనిగ్సుబెర్గున జన్మించి, లిథువేనియాలోని కౌనసునఁ బెరిగెను. ఇంటిభాష రష్యను, హీబ్రూ పాఠశాలలో నేర్చిన భాష. అయినను బాల్యమునందే దినచర్యను హీబ్రూలో వ్రాయఁదొడఁగెను. 1933లో బాన్ విశ్వవిద్యాలయమున సెమిటిక్ భాషలయందు డాక్టరు పట్టమును బొంది, 1935లో తెల్ అవీవు చేరెను. టాల్‌స్టాయి యుద్ధశాంతుల నవలను హీబ్రూలోనికిఁ దెచ్చినదియు నామెయే. పిమ్మట జెరూసలేములోని హీబ్రూ విశ్వవిద్యాలయమునఁ దులనాత్మక సాహిత్యమును బోధించెను. 1970 జనవరిలో మరణించెను. ఆ యేఁటి ఇజ్రాయేలు పురస్కారము మరణానంతర మీయఁబడెను.

ఆమె బాలకృతులలో మిన్న "అద్దెకు ఇల్లు". అయిదంతస్తుల మేడలో నెలుక వాటా విడిచిపోవును. చీమ, కుందేలు, పంది, బుల్‌బుల్ పిట్ట, పావురము వరుసగా వచ్చి చూచును. మొదటి నలుగురికి గదులు నచ్చును, పొరుగువారు నచ్చరు: చీమకు సోమరి కోడి, పిట్టకు కాయలు పగులఁగొట్టు నుడుత సరిపడవు. నల్లపిల్లిని నిందించిన పందిని మాత్రము పొరుగువారే పొమ్మందురు. ప్రతివారికి నవే ప్రశ్నలు, నవే యుత్తరములు. ఆలంకారికుఁడు దీనిని బునరుక్తి దోష మనవచ్చును. అది తొందరపాటు. ఈ యావృత్తి లేనిచోఁ గడపటి పావురపు మాటకు బలము లేదు. ఇల్లు నచ్చలేదు, పొరుగువారు నచ్చిరి, కావున నుందు నని యది చెప్పును. నాలుగుమార్లు విన్న శిశువునకే యా తలక్రిందు తెలియును.

వ్యాకరణమున నొక విశేషము. చీమకుఁ బేరైన "నెమాలా", పావురమునకుఁ బేరైన "యోనా" స్త్రీలింగములయ్యు బహువచనమున "నెమాలీం", "యోనీం" అని పుంలింగ ప్రత్యయమునే గ్రహించును. భార్యార్థమునఁ బుంలింగ బహువచనమైన దారశబ్ద మెఱిఁగిన వారి కిది వింత గాదు. కాని హీబ్రూ క్రియ లింగమును దెలుపును. చీమ యాడుదిగా, పంది మగవాఁడుగా నడుగు పెట్టుట క్రియచేతనే వినఁబడును. తెలుఁగున "వచ్చెను" అన్న లింగమే తెలియదు, "వచ్చినది" అన్న స్త్రీయో జంతువో తెలియదు. ఈ కావ్యమును దెనిఁగించువారు చీమను "చీమమ్మ" యనియో, పందిని "పందిగా" రనియో పిలిచి యా లోటు పూరింపవలసియుండును.