ఒంటిమిట్ట వారసత్వం ఎవరిది?

రాష్ట్ర విభజనతో 2014లో భద్రాచలం తెలంగాణలో ఉండిపోయింది. మరుసటి ఏడాదినుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శ్రీరామనవమి లాంఛనాలు కడప జిల్లా ఒంటిమిట్ట కోదండరామాలయానికి వచ్చాయి. 2015లోనే ఆలయ నిర్వహణ తిరుమల తిరుపతి దేవస్థానాల చేతికి వెళ్లింది. శతాబ్దాల చరిత్రగల ఊరు ఒక పరిపాలనా అవసరం వల్ల పాలకుల కంటబడింది. ఈ సంగతి మరిచి ‘వారసత్వ పర్యాటకం’ గురించి మాట్లాడటం చరిత్రను తలకిందులు చేయడమే.

నా అభ్యంతరం పర్యాటకం మీద కాదు. కరువు సీమలో నాలుగు డబ్బులు వచ్చే దారిని ఎవరు కాదంటారు? నా పేచీ యాత్రికుడికి చెప్పే కథతో. ఆ కథ కూడా ఒక రచనే. రచన గనక విమర్శకు నిలబడాలి.

ఒంటిమిట్ట గురించి రాసేవారు తప్పక ఎత్తుకునే మాట ఒకటుంది: 1652లో వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ ఈ గోపురాన్ని మెచ్చుకున్నాడని. సంతోషమే. కాని పరాయివాడి మెప్పును నెత్తిన పెట్టుకుని, ఇమాంబేగ్ బావిని ఒక్క వాక్యంలో దాటేయడం ఏమి దృష్టి? పిలిస్తే రాముడు పలికాడని నమ్మి, నవాబు కొలువులోని ఇమాంబేగ్ గుడికి బావి తవ్వించాడని స్థలకథ. పలికాడా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. ఈ నేలమీద దేవుడికి ఏమివ్వాలో ఎరిగిన మనిషి నీళ్లిచ్చాడు. ఊరు ఆ పేరు మార్చకుండా నిలుపుకుంది.

పోతన సంగతి మరో తమాషా. ఏకశిలానగరం ఓరుగల్లా, ఒంటిమిట్టా అని పండితులు తరాల తరబడి తగవులాడారు. బమ్మెర వాదమే నాకు బలంగా కనిపిస్తుంది. అలా చెబితే ఒంటిమిట్టకు పోయేదేమీ లేదు. రాజుకు కృతి ఇవ్వనన్నవాడిగా జనం చెప్పుకునే కవిని ఈ ఊరు తనవాడనుకోవడమే సాహిత్య చరిత్ర. పట్టువస్త్రాల ఊరేగింపు పక్కన ఆ కథ చెప్పడంలోని వ్యంగ్యాన్ని పాఠకులకు విప్పి చెప్పనక్కర్లేదు.

వావిలికొలను సుబ్బారావు (1863–1936) విషయంలో తగవు లేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడు, వాల్మీకిని తెలుగు చేసినవాడు, టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తి గుడిని బాగుచేయించాడు. ఆయన భక్తితో నాకు పొత్తు లేదు. అయితే ఆ చిప్పలో పడ్డవి జనం కాసులు. ఇచ్చినవాళ్ల పేర్లు మిగల్లేదు సరే, ఇచ్చారన్న సంగతైనా యాత్రికుడికి చెప్పాలి కదా!

ఇక అభివృద్ధి. వెన్నెల రాత్రి జరిగే కల్యాణానికి పందిళ్లు, బారికేడ్లు, బస్సులు. తక్కిన రోజుల్లో కడపనుంచి పాతిక కిలోమీటర్లు వచ్చినవాడు గంటలో చూసి తిరుపతి దారి పడతాడు. సిద్ధవటం కోట, నందలూరు సౌమ్యనాథాలయం, తాళ్లపాక కలిపి ఈ ప్రాంతపు పిల్లలే చూపించే ఏర్పాటు ఉంటే డబ్బు ఇక్కడ నిలుస్తుంది. నీటి లెక్క వేయకుండా వసతి గృహాలు కడితే మాత్రం ఇమాంబేగ్‌ను వెక్కిరించినట్టే.

ఇంకొకటి. ఈ మండలంలోని ఊళ్లు కొన్ని సోమశిల వెనుక నీళ్లలో మునిగాయి. ఆ నీళ్లను పడవ షికారుకు అందమైన దృశ్యంగా చూపడం తేలిక. ఇళ్లూ పొలాలూ సమాధులూ వదిలి లేచిపోయినవాళ్లు వారసత్వం అనగానే ఎవరికీ గుర్తురారు. వాళ్లలో ముసలివాళ్లు ఇంకా బతికున్నారు. జిల్లా రచయితలు కలం, కాగితం పట్టుకుని ముందు వెళ్లవలసింది వాళ్ల దగ్గరికి.