ఇంటి ఇంజను, పెండ్లి వేషము

మంచును, అడవులును, గులకరాళ్ల బాటలును గల స్వీడను దేశమునందు మోటారుబండికి మొదట కోరెడి గుణము ఓర్పు. సొగసు పిమ్మటి మాట. అట్టి గడ్డపై పుట్టియు నేడు పాతకార్ల సేకర్తల మనస్సులను హరించుచున్న వోల్వో పి1800, సాబ్ సోనెట్ అను కూపేలు రెండును, తమ యింటి సెడానుల ఇంజనులనే లోన నుంచుకొని, పైకి మాత్రము పెండ్లి వేషము వేసికొని వచ్చినట్టివి. వీనిని పోల్చువాడు వేగమును గాక, ఆ వేషము క్రింది యింటిగుణమును చూడవలెను.

వోల్వో వృత్తాంతమున నొక చమత్కారము గలదు. కారు ఇటలీ శిల్పి చేతి రూపై యుండవలెనని కోరిన సంస్థాధ్యక్షుడు గున్నార్ ఎంగెల్లౌ, అచటి నుండి వచ్చిన నమూనాలలో తన కంటికి నచ్చినదాని నెన్నుకొనగా, అది ఫ్రువా కర్మశాలలో పనిచేయుచున్న స్వీడిషు యువకుడు, వోల్వో సలహాదారు కుమారుడేయైన పెల్లె పెటర్సన్ గీసినదని పిమ్మట తెలియవచ్చెను. పెరటిచెట్టు మందునకు పనికిరాదను లోకోక్తికి ఎల్లలు లేవు కాబోలు! 1961 నుండి ఇంగ్లండులో జెన్సెన్ వారిచే కూర్పబడిన యీ కారు, పనితనము తృప్తి గొల్పనందున, 6,000 బండ్ల పిమ్మట 1963లో స్వదేశము చేరెను. వోల్వో వారి అమెజాన్ సెడానుకును దీనికిని ఉమ్మడియైన బి18 ఇంజను, 1,778 సి.సి. గలది, నాజూకు లేనిది గాని మహాగట్టిది. 1966 నాటి యొక 1800ఎస్ ఒకే యజమాని చేతిలో 30 లక్షల మైళ్లు దాటెను.

సోనెట్ తీరు వేరు. 1966లో వచ్చిన రెండవ సోనెట్‌లో 841 సి.సి., మూడు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజను నమర్చిరి. సాధారణముగా టూ-స్ట్రోక్ ఇంజనులలో పెట్రోలులో కలిపిన నూనెయే యవయవములను తడుపవలెను; పల్లమున దిగుచు యాక్సిలరేటరు వదలినచో పెట్రోలుతో పాటు నూనెయు తగ్గి, చక్రములచే త్రిప్పబడుచున్న ఇంజను ఎండి, మెకానిక్కుల మాటలో, సీజగును. కావుననే చక్రముల నుండి ఇంజనును విడిపించు ఫ్రీవీల్ నుంచిరి. పెట్రోలు బంకులో ఆయిలు కలిపించుకొని స్కూటరు నడిపిన మనవారికి ఈ సంగతి వివరింప నక్కరలేదు. ఈ టూ-స్ట్రోక్ సోనెట్‌లు 258 మాత్రమే; పిదప ఫోర్డు వారి వి4 ఇంజను వచ్చినను ఫ్రీవీల్ నిలిచెను. 1970 నుండి 1974 వరకు నడచిన మూడవ సోనెట్‌లు 8,368.

అసలు పరీక్ష తుప్పు. వోల్వో దేహమంతయు ఉక్కు. వేరు చట్రము లేదు. తలుపుల క్రింది భాగమున అయస్కాంతము నుంచిన నది యంటనిచోట పుట్టీయే యున్నదని గ్రహింపవలెను. సోనెట్ పైచర్మము ఫైబర్‌గ్లాసు గనుక అయస్కాంతమక్కడ మూగ. నవనవలాడు ఆ చర్మము క్రింద ఉక్కునేల కుళ్లియుండవచ్చును. టార్చి పట్టుకొని వెల్లకిల పరుండి చూడనివాడు దాని బేర మాడరాదు.

నిత్యము నడపదలచినవానికి వోల్వోయే తగును. నాకైతే, ముందుదీపములను మీట లాగి చేతితో పైకెత్తవలసిన మూడవ సోనెట్ కంటె, పొగ గ్రక్కు రెండవదానిపైననే మక్కువ. అదియును, వోల్వో యొకటి యింట నున్న పిమ్మట.