బర్టిన్‌స్కీ ఛాయాచిత్రాలు: సౌందర్యమూ సాక్ష్యమూ

ఛాయాచిత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతుందన్న నమ్మకం మనలో గాఢంగా నాటుకొని ఉన్నది. కెనడా దేశీయుడైన ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ చిత్రాలను చూచినవారు ఆ నమ్మకాన్ని కొంత సడలించుకోక తప్పదు. పరిశ్రమలు ప్రకృతికి చేసిన గాయాలే ఆయన వస్తువు. 2003లో ఒటావాలోని కెనడా జాతీయ చిత్రశాలలో ఆరంభమై, పిమ్మట టొరంటో, బ్రూక్లిన్‌లలో సాగిన ‘మాన్యుఫాక్చర్డ్ లాండ్‌స్కేప్స్’ ప్రదర్శనతోపాటు వెలువడిన గ్రంథంలో వాటిని చూచాను. చూచినది ఖరగ్‌పూరు నిమ్‌పురాలో, గూడ్సుబండ్ల చప్పుడు తెరపి ఇవ్వని యార్డు చెంత. ఈ సంగతి అప్రస్తుతం కాదు.

సడ్‌బరీ నికెల్ గనుల వ్యర్థాలను ఆయన 1996లో చిత్రించాడు. నల్లని బీడునేలపై ఒక ప్రవాహం నిప్పుకణికల వలె మెరుస్తూ మెలికలు తిరుగుతుంది. రైల్వేకొలువులో జీవితం గడిపిన శ్రీకాకుళపు పెద్దాయన ఒకరు నా భుజం మీదుగా చూచి, “మన వానకాలపు నీరే గదా, బాబూ!” అన్నారు. ఆయన పొరబాటు నాకు కనువిప్పు అయింది. ఇక్కడి లేటరైటు నేల ఇనుపపాలు హెచ్చుగా ఉండి సహజంగానే ఎర్రనిది. తొలకరికి కాలువలు ఎర్రబారడం ఋతుధర్మం. సడ్‌బరీలోని ఎరుపూ ఇనుముదే. కాని నికెల్ తీయగా మిగిలిన ఖనిజపు పిప్పిలోని ఇనుము తుప్పుపట్టగా వచ్చినది అది. (‘టెయిలింగ్స్’కు తెలుగు వెదకగా నాకు ‘పిప్పి’ తట్టింది. అయితే చెరకుపిప్పి బెల్లపు పొయ్యికైనా పనికివస్తుంది.) ఒకటి ప్రకృతి, వేరొకటి వికృతి. కంటికి రెండూ ఒక్కటే. భేదాన్ని తెలిపేది చిత్రం కింది నాలుగు మాటలు మాత్రమే.

తాను తీర్పు చెప్పననీ, దానిని చూపరికే విడిచిపెడతాననీ బర్టిన్‌స్కీ పక్షం. అందం లేనిదే ఆ గాయాల ముందు ఎవరూ నిలువరన్నది నిజమే కావచ్చు. కాని ఆయన నిలిచే దూరం నన్ను బాధించింది. బ్రిటిష్ కొలంబియాలో కొండలను తొలిచి వేసిన రైలుమార్గాలను 1985లో తీసిన చిత్రాలలో పట్టాలదారి సన్నని గీత. బెంగాల్-నాగపూర్ రైల్వే నాటినుంచి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ గీత అన్నం పెట్టింది, ఆ గీతే బొగ్గునుసిని ఊపిరిలో నింపింది. ఈ రెండూ కలిసి కనిపించే చిత్రం నాకు దొరకలేదు. 2000లో తీసిన చిట్టగాంగ్ నౌకాభంజన చిత్రాలలో మనుషులు లేకపోలేదు గాని, అక్కడ సైతం చూపును ముందుగా లాగేది ఓడల మహాకాయమే.

1984 డిసెంబరులో భోపాల్ విషవాయు దుర్ఘటన తరువాత రఘు రాయ్ తీసిన నలుపుతెలుపు చిత్రం ఒకటి ఉన్నది. మట్టిలో పూడ్చుతున్న పసిబిడ్డ ముఖాన్ని చివరిసారి తాకే చేయి అందులో కనిపిస్తుంది. అందమన్న మాట అక్కడ నోట రాదు. ఆ చేయి ఎవరిదని అడుగక చూపరి కదలలేడు. సడ్‌బరీ ప్రవాహపు ఒడ్డున, బ్రిటిష్ కొలంబియా కొండచరియలలో నేను వెదకినది అటువంటి చేతినే.