చిత్రకారుడు సారె దగ్గరికి వస్తే

కె. లక్ష్మాగౌడ్ అనగానే మనకు సన్నని నల్లగీతల ఎచింగులే గుర్తొస్తాయి. మేకలు, ముక్కుపుడకల ఆడవాళ్లు, తలపాగాల మగవాళ్లు. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్న ఆయన, పేరొచ్చాక మట్టి పట్టుకున్నారు. టెర్రకోట తలలు చేశారు, సెరామిక్ మీద బొమ్మలు వేశారు. దాన్ని పెద్దాయన సరదా అనేవాళ్లున్నారు. నేనొప్పుకోను.

కాగితం మీద గీత గీసినవాడి మాట వింటుంది. మట్టి వినదు. ఎండుతూ కుదించుకుపోతుంది. తడి మిగిలితే కాల్పులో పగులుతుంది. పూసేటప్పుడు మసిలా కనిపించిన రాగి ఆక్సైడ్ కాలాక పచ్చగా తేలుతుంది. ఎంత పేరున్న చెయ్యి అయినా అక్కడ మళ్లీ శిష్యరికం చేయాల్సిందే.

పికాసో చేసిందీ అదే. 1946 వేసవిలో దక్షిణ ఫ్రాన్స్‌లోని వలోరిస్‌లో రామియే దంపతుల మదురా కార్ఖానా చూశాడు. మరుసటి ఏడు తిరిగొచ్చి పనిలో కూర్చున్నాడు. అప్పటికి 65 ఏళ్లు. సారె తిప్పింది మాత్రం జూల్ అగార్ అనే కుమ్మరి. అగార్ దించిన పచ్చి కుండను పికాసో మెడ దగ్గర పట్టి వంచి, నొక్కి, ఆడమనిషిని చేసేవాడు, పావురాన్ని చేసేవాడు. అట్లా వేల వస్తువులు వచ్చాయి. వాటితో పాటే ఆ ఊరి కుమ్మరి పనికి మళ్లీ ప్రాణం వచ్చింది.

ఆదిలాబాద్‌లో ఉండి ఈ ముచ్చట ఎందుకంటే, మనకు సిరికొండ ఉంది. ఏటా పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు మెస్రం వంశంవాళ్లు ఎడ్లబండి కట్టుకుని పోయి అక్కడి కుమ్మరులకు కుండలు చెప్పి వస్తారు. కుమ్మరి పనిని దగ్గర కూర్చుని చూడాలి. సారె మీంచి దించినప్పుడు కుండకు అడుగుండదు. కాస్త ఆరాక లోపల గుండ్రాయి ఆనించి బయట చెక్కతో తడతారు. తట్టినకొద్దీ గోడ పలచబడి, కడుపు ఉబ్బి, అడుగు మూసుకుంటుంది. ఎక్కడ ఆపాలో ఆ చేతికే తెలుసు. ఏ కాలేజీ బట్టీ దగ్గరా ఈ చదువు దొరకదు.

చిత్రకళ చదివే పిల్లలకూ, చెప్పే మాస్టార్లకూ నాదొక్కటే మనవి. జాతర పని అయిపోయాక, వేసవి రంజన్లు చేసే రోజుల్లో, మన కుమ్మరుల సారె పక్కన కూర్చోండి. వాళ్ల పనికి కూలి కట్టివ్వండి. తయారైన బొమ్మ కింద రెండు పేర్లూ రాయండి, గీసినవారిదీ, కుండ దించినవారిదీ.