రేగడికి ఎదురెళ్లొద్దు

నల్లరేగడి పెరట్లో మొక్క నాటుతున్నామంటే చాలు, చూసినవాళ్లంతా ఒకే మాట చెబుతారు: "ఈ మట్టి తీసి పారేసి, గోతిలో ఎర్రమట్టీ ఇసుకా నింపండి, చెట్టు ఇట్టే లేస్తుంది." నేనా మాట వినను.

రేగడిలోని మాంట్‌మొరిల్లొనైట్ అనే బంక ఖనిజం పొరల మధ్యకు నీటిని లాక్కుని ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. అందుకే వానల్లో కాలిని వదలని నేల, వేసవికి చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. అలాంటిచోట గొయ్యి తీసి గుల్లమట్టి నింపితే వాననీరు అందులోకి సులువుగా దిగుతుంది. చుట్టూ ఉన్న రేగడి మాత్రం దాన్ని తొందరగా తాగదు. అడుగున చిల్లులేని కుండీలో మొక్క పెట్టినట్టే. వేళ్లకు గాలాడక ఆకులు పసుపెక్కుతాయి. నీళ్లు చాల్లేదేమోనని మనం ఇంకో బిందె పోస్తాం!

అందుకే తీసిన మట్టితోనే గొయ్యి పూడుస్తాను. లోతు వేరుగడ్డ ఎత్తుకు మించనివ్వను. వెడల్పు మాత్రం వేరుగడ్డ వెడల్పుకు 2, 3 రెట్లు. గునపం దెబ్బలకు గోతి గోడలు నున్నగా మెరిస్తే గీరి గరుకు చేస్తాను, లేకపోతే లేతవేరు అక్కడే చుట్టు తిరుగుతుంది. మొక్క మొదలు నేలకన్నా 2 అంగుళాలు ఎత్తులో ఉంచి, చుట్టూ మట్టిని వాలుగా ఎగదోస్తాను. చివికిన పశువుల ఎరువు, ఎండుటాకులు పైనే పరుస్తాను. ఆ కప్పు ఉంటే నేల తొందరగా నెర్రెలివ్వదు, వేళ్లు తెగవు.

అన్నిటికీ ముందు పదును చూడాలి. పిడికెడు మట్టిని ఉండచేసి నొక్కితే విరిగిపోవాలి. సాగిందా, ఆ రోజు పార ముట్టకూడదు. తడి రేగడిని తొక్కితే మట్టిలో గాలి ఆడే సందులన్నీ మూసుకుపోతాయి.

పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో నల్లరేగడి సేద్యానికి తీర్చిదిద్దిన వెడల్పాటి ఎత్తుమడులు, కాలువల పద్ధతిలోనూ కిటుకు ఇదే: నేలను మార్చరు, ఎక్కువైన నీటికి దారి చూపిస్తారు.

మొక్క ఎంపికా అంతే. మురుగు నిలిస్తే బత్తాయికి వేరుకుళ్లు తప్పదు. నేరేడు, కానుగ, తెల్లమద్ది, నల్లతుమ్మ ఓర్చుకుంటాయి. పొదల్లో వావిలి ఉంది.

కొనుక్కొచ్చిన మట్టి గోతివరకే. చెట్టు వేళ్లు గోతిలో ఆగిపోవు కదా! ఏనాటికైనా రేగడిలోనే బతకాలి. ఆ కాపురమేదో మొదటిరోజు నుంచే చెయ్యనివ్వడం మేలు.